గుణదల కొబ్బరికాయ నుంచి శుక్రవారం చేపల పులుసు దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే తరహావి. ఇద్దరు స్నేహితులు వాదించుకుంటారు, ఎటూ తేలదు, "మాస్టారూ, మీరే చెప్పండి" అని ఇద్దరి పేరుతోనూ రాసి పంపుతారు. నేను ఫాదర్‌ని కాదు, రిటైరైన టీచర్ని, ఉపదేశి (ఊళ్ళో ప్రార్థనలు నేర్పే ఆయన) కొడుకుని. తెలిసింది చెబుతాను. పెళ్ళిళ్ళు, విడాకుల విషయంలో మాత్రం ఆఖరి మాట కోసం మీ విచారణ గురువు (మీ చర్చి ఫాదర్) దగ్గరికి వెళ్ళాల్సిందే.

ప్రశ్న: మేమిద్దరం ఇంటర్ నుంచి స్నేహితులం. నేను ఆర్సీఎం (రోమన్ కతోలిక్), తను పెంతెకోస్తు. ఫిబ్రవరిలో నాతో గుణదల తిరునాళ్ళకి వచ్చింది. కొబ్బరికాయలు, తలనీలాలు చూసి "మీరు సగం హిందువులే, పేరుకే క్రైస్తవులు" అంది. నేను బొట్టు కూడా పెట్టుకుంటాను. అది ఇంకో గొడవ. నిజంగా తప్పా?
విజయవాడ

జవాబు: ముందు గుణదల కొండ సంగతి. 1924లో అక్కడి అనాథాశ్రమం బాధ్యత చూస్తున్న ఆర్లాటి అనే ఇటలీ గురువు ఆ కొండ మీద లూర్దుమాత స్వరూపం పెట్టించారు. ఫిబ్రవరి 11 ఎందుకంటే, 1858లో ఫ్రాన్సులోని లూర్దు ఊళ్ళో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పిల్లకి మరియతల్లి మొదట కనబడిన రోజు అది. కొబ్బరికాయ, తలనీలాలు ఫ్రాన్సు నుంచి రాలేదు, ఇటలీ నుంచీ రాలేదు, మొక్కు అంటే మనవాళ్ళకి తెలిసిన పద్ధతి అదే కాబట్టి వాళ్ళే పట్టుకొచ్చారు. లూర్దులో జనం కొవ్వొత్తులు వెలిగించి, ఊటనీళ్ళు సీసాల్లో నింపుకుని ఇంటికి తీసుకెళ్తారు.

ఆరాధన ఒక్క దేవుడికే, పునీతులకి గౌరవం, వాళ్ళలో మరియతల్లికి ఎక్కువ గౌరవం. స్వరూపానికి చేసే గౌరవం ఆ రూపం ఎవరిదో వాళ్ళకే చెందుతుందని 787లోనే నైసియా రెండో మహాసభ తేల్చింది. అంటే శ్రీసభ, అదే మన కతోలిక చర్చి, ఈ ప్రశ్నకి పన్నెండు వందల ఏళ్ళ కిందటే జవాబు చెప్పింది, మీ స్నేహితురాలు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అలాగని తన మాట పూర్తిగా కొట్టిపారేయొద్దమ్మా. కొబ్బరికాయ కొడితేనే మాత పని చేసిపెడుతుంది, మొక్కు ఆలస్యమైతే ఇంట్లో ఎవరికో ఒకరికి జబ్బు చేస్తుంది అని నమ్మేవాళ్ళు ఆ మెట్ల మీద చాలామందే ఉంటారు. అలా నమ్మితే మాత్రం తను అన్నదాంట్లో నిజం ఉంది.

కొబ్బరికాయ మీద రోమ్ దాకా వెళ్ళిన గొడవ ఒకటి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. పోపుగారి ప్రతినిధిగా తూర్నోన్ అనే ఆయన 1703లో పుదుచ్చేరి వచ్చి, అక్కడి జెస్విట్ (యేసు సభ) గురువులు మన అలవాట్లని మరీ ఎక్కువగా రానిస్తున్నారని 1704లో ఒక ఆజ్ఞ తీశారు. మన రాయలసీమ వైపు తెలుగు మిషన్ నడిపిందీ ఆ జెస్విట్లే. పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టి, అది పగిలిన తీరుని బట్టి శుభమా అశుభమా చూడటం మానాలి, తినాలనుకుంటే పెళ్ళి తంతులో కాకుండా విడిగా కొట్టుకోవాలి అన్నారు. పిళ్ళైయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళి వద్దు, సిలువ గుర్తో, ప్రభువు రూపమో, మరియమ్మ రూపమో ఉన్న తాళి వేసుకోవచ్చు అన్నారు. చూశారా, అంత కోపంగా వచ్చిన పెద్దమనిషి కూడా తాళిని తీసేయమనలేదు, దాని మీద బొమ్మ మార్చమన్నాడు. ఇవాళ మన ఆర్సీఎం పెళ్ళిళ్ళలో సిలువ ఉన్న మంగళసూత్రాన్ని గురువు దీవించి ఇస్తున్నారు కదా. మలబారు ఆచారాల గొడవ అని పేరుపడ్డ ఇది 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు గట్టిగా ఆజ్ఞ ఇచ్చేదాకా సాగింది. ఇక్కడికి వచ్చే మిషనరీలు ఆ ఆచారాలకి వ్యతిరేకంగా చేయాల్సిన ప్రమాణాన్ని రోమ్ 1940లో ఎత్తేసింది. 1969లో అయితే మన దేశంలో చర్చి దివ్యపూజకి అంజలి, ఆరతి, నూనె దీపపు కుందె కూడా రావచ్చని రోమే ఒప్పుకుంది.

ఇక బొట్టు. పెట్టుకోవద్దని శ్రీసభ చట్టంలో ఎక్కడా లేదు. మీ ఊళ్ళో అందరూ పెట్టుకోకుండా మీరొక్కరే పెట్టుకుంటే నలుగురూ అడుగుతారు, అంతే, అది పాపమేం కాదు. పెట్టుకోని వాళ్ళు ఎక్కువ భక్తిపరులూ కాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్క సీటు స్నేహితుడు తిరుమల వెళ్ళొచ్చి లడ్డూ ఇచ్చాడు. మా కజిన్ "నోట్లో పెట్టుకోకు, తీసుకుని డస్ట్‌బిన్‌లో వేసేయ్" అంది. తినేశాను. ఇప్పుడు టెన్షన్.

జవాబు: మీరు తిన్నది సరే, మీ కజిన్ చెప్పింది మాత్రం తప్పు. ఒకడు కొండెక్కి, క్యూలో గంటలు నిలబడి, మీరు గుర్తొచ్చి తెచ్చిన దాన్ని నవ్వుతూ తీసుకుని చెత్తబుట్టలో వేయడం ఏ సువార్తలోనూ లేదు.

పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 8, 10 అధ్యాయాలు చదవండి, అచ్చం మీ ప్రశ్నే. విగ్రహాలకి పెట్టిన తిండి తినొచ్చా అని వాళ్ళు అడిగారు. తిండి మనల్ని దేవుడికి దగ్గర చేయదు, తినకపోతే నష్టం లేదు, తింటే లాభం లేదు అన్నాడు. కాకపోతే నువ్వు తినడం చూసి విశ్వాసంలో బలహీనంగా ఉన్న ఇంకొకడి మనస్సాక్షి దెబ్బతింటుందంటే మానెయ్ అన్నాడు. విగ్రహాల బల్ల దగ్గర కూర్చుని ఆ పూజలో భాగం పంచుకోవడం మాత్రం వద్దని గట్టిగానే చెప్పాడు. కాబట్టి సీటు దగ్గరికి వచ్చిన లడ్డూ వేరు, గోత్రం చెప్పించుకుని పూజలో కూర్చోవడం వేరు. అసలు ప్రసాదమే ముట్టుకోవద్దనే గురువులూ మనలో ఉన్నారు. మీకు లోపల ఇబ్బందిగా ఉంటే "ఏమనుకోకురా, మేము తీసుకోం" అని మొహం మీదే మర్యాదగా చెప్పండి. అన్యమతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ తోసిపుచ్చం అని రెండో వాటికన్ మహాసభ 1965లో చెప్పింది, అది గుర్తుంచుకుంటే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

ప్రశ్న: నా ప్రాణ స్నేహితురాలు ఆర్సీఎం. హిందూ అబ్బాయిని చేసుకోబోతోంది. అబ్బాయి మతం మారడు, ఈమె మారదు. రెండు వైపులా తృప్తి కోసం పొద్దున చర్చిలో, సాయంత్రం ఫంక్షన్ హాల్లో పంతులు గారితో, రెండుసార్లు చేద్దామంటున్నారు. కుదురుతుందా?
విశాఖపట్నం

జవాబు: పెళ్ళి కుదురుతుంది, రెండుసార్లు చేయడం కుదరదు.

జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేని వ్యక్తిని కతోలికులు చేసుకోవాలంటే మేత్రాణుల (బిషప్ గారి) నుంచి మినహాయింపు తీసుకోవాలి. అది లేకుండా చేసుకుంటే శ్రీసభ దృష్టిలో ఆ పెళ్ళి చెల్లదు. విచారణ గురువు ద్వారా అర్జీ వెళ్తుంది. అందుకని హాలు బుక్ చేసుకున్నాక కాదు, కొన్ని నెలల ముందే ఫాదర్ గారిని కలవాలి. అమ్మాయి రెండు విషయాల్లో మాట ఇవ్వాలి: తన విశ్వాసం వదలను, పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి నా శక్తి కొద్దీ ప్రయత్నిస్తాను అని. అబ్బాయి ఏ సంతకమూ పెట్టక్కర్లేదు, ఆమె ఇలా మాట ఇచ్చిందని అతనికి తెలియాలి, అంతే. ఇక్కడే చాలా జంటలు తప్పు చేస్తున్నాయి. "ముందు పెళ్ళి కానీ, పిల్లల సంగతి తర్వాత చూద్దాం" అనుకుంటారు. ఆ తర్వాత అన్నప్రాశన దగ్గర మొదలవుతుంది గొడవ. పెళ్ళికి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోమని మీరే చెప్పండి, స్నేహితులు చెబితే వింటారు.

సాయంత్రం తంతు గురించి: చర్చిలో ఒప్పుకున్నాక, మళ్ళీ వేరే మత పద్ధతిలో పెళ్ళి ఒప్పందం చేసుకోకూడదని చట్టం. విందు పెట్టుకోండి, అబ్బాయి తరఫు పెద్దలు అక్షింతలు వేసి ఆశీర్వదించనివ్వండి. జీలకర్ర బెల్లం, మళ్ళీ తాళి అంటే రెండో పెళ్ళి అయిపోతుంది.

కేవలం హిందూ పద్ధతిలోనే చేసేద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే, మీది విశాఖ కాబట్టి ఇది చెప్పాలి. ఆర్సీఎం అబ్బాయి, హిందూ అమ్మాయి గుడిలో తాళి కట్టుకుని, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్న కేసు ఒకటి విశాఖ ఫ్యామిలీ కోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇద్దరూ హిందువులైతేనే ఆ చట్టం కింద పెళ్ళి చెల్లుతుందని 2008లో తీర్పొచ్చింది. అంటే అటు శ్రీసభలోనూ లేదు, ఇటు సర్కారు దగ్గరా లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి మాత్రం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ముప్పై రోజుల నోటీసు ఉంటుంది. సర్కారు లెక్కలో అది చెల్లుతుంది, కానీ మేత్రాణుల అనుమతి లేకుండా ఆ దారి పడితే ఆ అమ్మాయికి సత్ప్రసాదం (కమ్యూనియన్) దగ్గర ఇబ్బంది తప్పదు.

ప్రశ్న: భర్త వదిలేసి వెళ్ళాడు, కోర్టులో విడాకులు అయ్యాయి. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మా క్వయర్‌లో స్నేహితురాలే "విడాకులు తీసుకున్నావు కదా, సత్ప్రసాదం ఎలా తీసుకుంటావ్" అంది. అప్పటి నుంచి వెనక బెంచీలో కూర్చుని ఇంటికి వచ్చేస్తున్నాను.

జవాబు: వచ్చే ఆదివారం ముందు బెంచీలో కూర్చోండమ్మా. కోర్టు విడాకులు వచ్చినంత మాత్రాన సత్ప్రసాదానికి దూరం కావక్కర్లేదు. మళ్ళీ ఇంకొకరితో కాపురం పెట్టినప్పుడే, అదీ మొదటి పెళ్ళి చెల్లదని శ్రీసభ తేల్చకముందు పెట్టినప్పుడే, ఆ ప్రశ్న వస్తుంది. మీరు పెట్టలేదు. మీ స్నేహితురాలు క్వయర్‌లో పాటలు చూసుకుంటే చాలు.

మళ్ళీ పెళ్ళి ఆలోచన ఎప్పుడైనా వస్తే, మేత్రాసన న్యాయస్థానంలో (బిషప్ గారి చర్చి కోర్టులో) కేసు వేయొచ్చు. అది విడాకులు కాదు. ఒప్పుకున్న రోజునే ఆ ఒప్పుదల సరిగ్గా లేదా, బలవంతం చేశారా, ముఖ్యమైన సంగతి దాచి మోసం చేశారా, పిల్లలే వద్దని మనసులో పెట్టుకుని తాళి కట్టాడా, ఇలాంటివి చూస్తారు. ఇదివరకు రెండు న్యాయస్థానాలు ఒకే తీర్పు ఇస్తేగానీ తేలేది కాదు. పోపు ఫ్రాన్సిస్ 2015లో ఆ నియమం తీసేశారు, ఖర్చు కూడా వీలైనంతవరకు ఉచితంగా ఉండాలన్నారు. డబ్బుకి భయపడి ఆగిపోయినవాళ్ళు ఒకసారి వెళ్ళి అడగండి.

ఒకటి మాత్రం కలపొద్దు. శ్రీసభ ఇచ్చిన తీర్పు కోర్టు విడాకులకి బదులు కాదని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. రెండు దారులూ వేరువేరుగా నడవాలి. కోర్టు దారి కూడా మన ఆడవాళ్ళకి మొన్నమొన్నటి దాకా ముళ్ళదారే. 1869 నాటి విడాకుల చట్టంలో భార్య వ్యభిచరిస్తే చాలు భర్తకి విడాకులిచ్చేవారు, అదే పని భర్త చేస్తే భార్యకి అదొక్కటీ చాలేది కాదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి వెళ్ళడమో కూడా చూపించాలి. 2001లోగానీ అది మారలేదు.

ప్రశ్న: మేమిద్దరం ఒకే విచారణలో పెరిగాం, ఒకే రోజు మొదటి సత్ప్రసాదం తీసుకున్నాం, తేరు ప్రదక్షిణలో పక్కపక్కన నడుస్తాం. నాకు వాడి చెల్లెలంటే ఇష్టం, ఆ అమ్మాయికీ ఇష్టమే. వాళ్ళు రెడ్లు, మేము మాల. వాడే నాతో మాట్లాడటం మానేశాడు. వాళ్ళ నాన్నగారు ఫాదర్ గారికి "అది మన ఆచారం కాదు" అని చెప్పారట.
గుంటూరు జిల్లా

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నిట్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇది. బొట్టు హిందూ ఆచారం, లడ్డూ హిందూ ఆచారం, కొబ్బరికాయ హిందూ ఆచారం అని గింజుకునే మనం, దీని దగ్గరికి వచ్చేసరికి "మన ఆచారం" అనేస్తున్నాం. ఆర్సీఎం పెళ్ళి ప్రకటనలు తిరగేయండి, మతం పక్కనే కులం ఉంటుంది, "ఆర్సీఎం రెడ్డి", "ఆర్సీఎం కమ్మ". జ్ఞానస్నానం నీళ్ళు నుదుటి మీద పడ్డాయిగానీ ఇంటిపేరు దాకా దిగలేదు.

ఇందులో ఇంకో వంకర కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. మతం మారిన దళితులు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. క్రైస్తవంలో కులం లేదు కదా అని సర్కారు అంటుంది. ఆ హోదా కోసం పోరాటం చేస్తూ మన పెద్దలే "ఉంది, మా వాళ్ళు ఇంకా బాధపడుతున్నారు" అని అంటారు. నిజమే, కానీ ఆ బాధ పెడుతున్నవాళ్ళలో పక్క బెంచీ వాళ్ళు కూడా ఉన్నారు కదా. కులవివక్ష పాపం అని భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల కోసం ఒక విధానమే ప్రకటించింది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. అప్పుడు శాలువాలు పట్టుకుని క్యూ కట్టిన పెద్దమనుషుల్ని, ఆ కులం పిల్లాడికి మీ అమ్మాయినిస్తారా అని అడిగి చూడండి.

ఇక మీ సంగతి బాబూ. పెళ్ళికి అడ్డంకులు ఏవేవో శ్రీసభ చట్టం ఒక్కొక్కటిగా రాసింది, దగ్గర రక్తసంబంధం, ముందే పెళ్ళయి ఉండటం, గురుపట్టం (ఫాదర్ అయి ఉండటం) ఇలాంటివి. కులం అందులో లేదు. మేజర్లయిన ఇద్దరికి తల్లిదండ్రుల అనుమతి కూడా షరతు కాదు. మీరిద్దరూ కలిసి విచారణ గురువు దగ్గరికి వెళ్ళి చర్చిలో మీ పెళ్ళి ప్రకటనలు వేయమని అడగండి. కులం కారణంగా ఆయన వెనకాడితే మేత్రాణుల ఆఫీసుకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, నోటిమాటగా వద్దు. బెదిరింపులు వస్తే అది పోలీసుల పని, ఫాదర్ గారి పని కాదు, ఆలస్యం చేయకండి. మీ స్నేహితుడితో ఒకసారి మీరే వెళ్ళి మాట్లాడండి. మీ ఉత్తరం చూస్తే చెల్లెలి కన్నా ముందు వాడు దూరమయ్యాడనే మీకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

ప్రశ్న: దుబాయ్‌లో డ్యూటీ, ఆదివారం కూడా సెలవు దొరకదు. మా ఊరి ఫాదర్ గారికి ఫోన్లో పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేయొచ్చా? నా రూమ్‌మేట్ వీడియో కాల్ అయితే పర్లేదంటున్నాడు.

జవాబు: కుదరదు. వీడియో కాల్ కూడా అంతే. పాపసంకీర్తనం లాంటి దివ్యసంస్కారాలు ఇంటర్నెట్‌లో లేవని వాటికన్ 2002లోనే చెప్పింది. ఫోన్లో సలహా అడగండి, ప్రార్థన చేయించుకోండి. దుబాయ్‌లో మన గుడి ఉంది, అక్కడ చాలా భాషల్లో పూజలు జరుగుతాయి, డ్యూటీ మార్చుకుని ఒక్కసారి వెళ్ళండి.

ప్రశ్న: మా స్నేహితుడి నాన్నగారు పోయారు. హైదరాబాద్‌లో సమాధికి స్థలం దొరకక దహనం చేయించారు. ఇప్పుడు బూడిద గోదావరిలో కలపాలని తమ్ముడు, తప్పని తల్లి. ఆవిడ అసలు దహనమే పాపం అని ఏడుస్తున్నారు.

జవాబు: ఆ తల్లికి ముందు ఇది చెప్పండి: దహనం పాపం కాదు. 1963లోనే రోమ్ దానికి అనుమతిచ్చింది, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేయకూడదు, అంతే. పూడ్చడం మేలని శ్రీసభ ఇప్పటికీ అంటుంది, కానీ స్థలం లేక చేసిన పనికి ఆవిడ కుమిలిపోనక్కర్లేదు.

గోదావరి మాత్రం వద్దు. బూడిదని నీళ్ళలో కలపడం, గాలిలో చల్లడం కూడదని 2016లో వాటికన్ స్పష్టంగా చెప్పింది. ఇంట్లో పెట్టుకోవడం కూడా వద్దంది. సమాధుల తోటలో పెట్టాలి. 2023 డిసెంబరులో కొంచెం సడలించారు: చాలామంది బూడిదని ఒకే పవిత్ర స్థలంలో, ఎవరి పేరు వాళ్ళకి రాసి ఉంచవచ్చు, కుటుంబం కోరితే గురువుల అనుమతితో చాలా కొద్దిభాగం వాళ్ళకి ముఖ్యమైన చోట దాచుకోవచ్చు అని. కుటుంబానికి పాత సమాధి ఏదైనా ఉంటే అందులోనే ఆ పాత్రని పెట్టొచ్చేమో కమిటీని అడగండి, దానికి కొత్త స్థలం అక్కర్లేదు. నవంబరు 2న, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున, పూలు పెట్టడానికి ఆవిడకీ ఒక చోటు ఉంటుంది.

ప్రశ్న: తపస్కాలం (ఈస్టర్ ముందు నలభై రోజులు) శుక్రవారాల్లో మా ఇంట్లో చికెన్ బంద్, కానీ కొరమీను పులుసు మాత్రం రెండు ముక్కలు ఎక్కువే. నా ఫ్రెండ్ నవ్వుతున్నాడు. నాన్నగారికి 63 ఏళ్ళు, సుగర్. ఆయన ఉపవాసం ఉంటానంటున్నారు.

జవాబు: చట్టం ప్రకారం చేప మాంసం లెక్కలోకి రాదు. గుడ్లు, పాలు కూడా రావు. కాబట్టి మీరు తప్పు చేయడం లేదు, మీ ఫ్రెండ్ నవ్వడంలోనూ తప్పు లేదు, చికెన్ కన్నా ఖరీదైన కొరమీను తెచ్చి తపస్సు అంటే నాకూ నవ్వొస్తుంది. ఆ శుక్రవారం పప్పుచారుతో సరిపెట్టి, చేపల డబ్బులు ఎవరికైనా ఇవ్వండి.

మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినప్పటి నుంచి అందరికీ ఉంది. ఉపవాసం పద్ధెనిమిది నిండినవాళ్ళకి, అదీ అరవయ్యో ఏడు మొదలయ్యేదాకానే, అదీ విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులే. మీ నాన్నగారికి వయసు దాటింది, పైగా సుగర్. మాత్రలు వేసుకుని వేళకి తినమని చెప్పండి. వినకపోతే ఫాదర్ గారితో చెప్పించండి, ఆ తరంవాళ్ళు డాక్టరు మాటకన్నా అదే ఎక్కువ వింటారు.